వ్యాను వదినకు అరువు గొంతు

పుట్టినప్పుడు ఆవిడకు పెట్టిన పేరొకటి ఉండేది కానీ, బ్యాంకు కాగితాల మీద తప్ప అది ఇంకెక్కడా బతికి లేదు. అందరికీ ఆవిడ వ్యాను వదిన. ఆవిడకంటే పెద్దవాళ్ళూ వదినే అనేవాళ్ళు, స్కూలు పిల్లలూ వదినే అనేవాళ్ళు. కట్టుకున్న మొగుడే ఒకటి రెండుసార్లు పరాకున "వదినా, కాఫీ" అని కేకేసి నాలిక్కరుచుకున్నాడంటే ఇక చెప్పేదేముంది!

ఆ మొగుడే డ్రైవరు. వాళ్ళకున్నది ఒకే ఒక్క వ్యాను. వెనక తలుపు తీస్తే ఇనప వాలుబల్ల ఒకటి కిందికి దిగుతుంది. దాని మీంచి చక్రాల కుర్చీని, కూర్చున్న మనిషితో సహా, అలాగే లోపలికి తోసేయొచ్చు. రెండు కుర్చీలకు చోటు, ఇంకో ముగ్గురికి సీట్లు. నడవలేనివాళ్ళు, నడిచినా బస్సు మెట్టెక్కలేనివాళ్ళు, ఒంటరిగా గడప దాటాలంటే భయపడేవాళ్ళు ఆస్పత్రికో, చుట్టాలింటికో, జుట్టు కత్తిరించుకోడానికో వెళ్ళాలంటే ఆ వ్యానే దిక్కు.

ఆయన బండి తోలితే, ఆ బండి ఎప్పుడు ఎవరింటికి వెళ్ళాలో చెప్పేది ఆవిడ. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఫోను, గోడకో క్యాలెండరు. ఆ క్యాలెండరు మీద గీసుకునే సున్నాలూ గీతలూ ఆవిడకే తెలియాలి. మిగతాదంతా బుర్రలోనే. ఫోను మోగితే "ఆఁ, చెప్పండి" అనేది. ఆ 'ఆఁ' వింటేనే సగం దిగులు తీరిపోతుందనేవాళ్ళు.

"మోకాలెలా ఉంది? చిన్నకోడలు ఇప్పుడైనా మాట్లాడుతోందా? పోన్లెండి, మాట్లాడకపోతే ఆవిడకే నష్టం. మంగళవారం పొద్దున బండి పంపిస్తా, స్వెట్టరు మర్చిపోకండి."

బుకింగంటే ఇదీ. కొందరు బండి అక్కర్లేకపోయినా ఫోను చేసేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోటి మీదే ఆ ఇల్లు నడిచింది, ఆ బండీ నడిచింది.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోయింది. మొదట జలుబనుకున్నారు. తర్వాత, ఎక్కువ మాట్లాడి అరిగిపోయిందన్నాడు డ్రైవరు. తీరా డాక్టరమ్మ గొంతులోకి గొట్టం పెట్టి చూస్తే, మాట పుట్టే చోటే కణితి. ఆపరేషన్ చేసి తీసేశారు.

"ప్రాణానికేం భయం లేదు," అంది డాక్టరమ్మ. "కానీ కొన్ని నెలలపాటు మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. ఆ తర్వాత గొంతు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను."

బయటికొచ్చాక డ్రైవరు, "పెళ్ళైన రోజునుంచీ నేను మొక్కుకుంటున్నది ఇదేగా" అని ఆవిణ్ణి నవ్వించబోయి, మాట పూర్తికాకుండానే తనే కళ్ళు తుడుచుకున్నాడు. వదిన ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ పూటే ఒక పలకా, సుద్దముక్కల డబ్బా కొనుక్కుని ఇంటికెళ్ళారు.

ఫోను డ్రైవరు జేబులోకి చేరింది. అక్కణ్ణుంచి మొదలైంది అవస్థ. బండి తోలుతూ మాట్లాడకూడదు కాబట్టి, మోగినప్పుడల్లా రోడ్డు పక్కన ఆపాలి. ఆపితే ఆలస్యం. ఆలస్యమైందని ఇంకొకరి ఫోను. దానికోసం మళ్ళీ ఆపాలి. ఆయనకు కాదనడం చేతకాదు. అటువాళ్ళకు "వస్తున్నా", ఇటువాళ్ళకు "వచ్చేశా". సాయంత్రానికి రెండు పడవల మీద రెండు కాళ్ళూ వేసి, మధ్యలో నీళ్ళలో పడేవాడు.

ఒకరోజు జోరున వాన. వ్యాయామం చేయించే క్లినిక్ ముందు, చిన్న చూరు కింద, చక్రాల కుర్చీలో ఒకమ్మాయి ఎదురుచూస్తూ ఉండిపోయింది. అదే వేళకు ఊరి రెండో చివర ఇంకొకరికి మాటిచ్చి ఉన్నాడు డ్రైవరు. ఆయన చేరుకునేసరికి క్లినిక్ మూసేశారు, చూరు కారిపోతోంది, అమ్మాయి నిలువునా తడిసి ఉంది. ఆమె ఒక్క మాట అనలేదు. అననందుకే ఆయనకు ఇంకా నామోషీగా ఉంది.

ఇంటికొచ్చి తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "బండి అమ్మేద్దాం" అన్నాడు. "ఫ్యాక్టరీ బస్సుకి డ్రైవరు కావాలంటున్నారు. వేళకెళ్ళి వేళకొస్తా. ఎవరికీ మాటివ్వక్కర్లేదు, తప్పక్కర్లేదు."

వదిన పలక మీద 'వద్దు' అని రాసింది. కింద గీత గీసింది. ఇంకో గీత గీయబోతే సుద్దముక్క విరిగింది.

వద్దని రాసింది సరే, మరేం చెయ్యాలో రాయడానికి ఆవిడ దగ్గరా ఏమీ లేదు. పక్క మీద వాలి ఆలోచించింది. పోయింది తన గొంతొక్కటే అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు చూస్తే, దాంతోపాటు ఎందరివో కాళ్ళూ పోయాయి.

మర్నాడు పొద్దున గేటు చప్పుడైంది. చూస్తే వానలో తడిసిన అమ్మాయే. మూడు వీధుల అవతలినుంచి తన చక్రాలు తనే తోసుకుంటూ వచ్చింది. డ్రైవరు చేతులు కట్టుకుని ఎదురెళ్ళాడు.

"తిట్టమ్మా. ఎంత తిడితే అంత పడతాను."

"తిట్టడానికి రాలేదండీ. ముందు ఈ మెట్టెక్కించండి, మెడ పైకెత్తి మాట్లాడలేక చస్తున్నా."

ఆయన గబగబా వెళ్ళి ఒక చెక్క తెచ్చి గడపకు ఆనించాడు. అమ్మాయి లోపలికొచ్చి బల్లనీ, ఫోన్నీ, క్యాలెండరునీ కాసేపు చూసింది. తర్వాత వదిన వైపు తిరిగింది.

"వదినా, నాకు ఈ కుర్చీ రాకముందు నేనేం చేసేదాన్నో తెలుసా మీకు? విమానం టికెట్లు కంప్యూటర్లో బుక్ చేసుకుంటారు చూడండి, ఆ ప్రోగ్రాములు రాసే కంపెనీలో పనిచేసేదాన్ని. కుర్చీ వచ్చాక మానేశా. మీ వ్యానుకి అలాంటిదొకటి నేను తయారుచేస్తా."

డ్రైవరు పెద్దగా నవ్వాడు. "ఎక్కడ విమానాలు, ఎక్కడ మా డొక్కు బండి తల్లీ! దోమని కొట్టడానికి ఫిరంగి ఎందుకు?"

"విమానాలే తేలికండీ," అంది అమ్మాయి. "అక్కడ కిటికీ పక్క సీటంటే కిటికీ పక్క సీటే, ఎవరు కూర్చుంటే ఏం. మీ దగ్గర అలా కాదుగా."

వదిన పలక మీద 'ఎంతవుతుంది?' అని రాయబోయింది. 'ఎం' దాకా వచ్చేసరికే అమ్మాయి చేత్తో తుడిచేసింది. "ఆ మాటెత్తితే మళ్ళీ మీ వ్యానెక్కను."

అలా మొదలైంది పని. అమ్మాయి పొద్దున్నే వచ్చేది. కిటికీ పక్క బల్ల మీద ఒకవైపు ఆమె ల్యాప్‌టాప్, ఒకవైపు వదిన పలక. అమ్మాయి అడిగేది, వదిన రాసేది, తుడిచేది, మళ్ళీ రాసేది. సుద్దపొడికి ఇద్దరికీ తుమ్ములు.

"ఇద్దరు ఒకే వేళకు బండి అడిగితే ఎవరికిస్తారు?"

'ఎవరికి నొప్పెక్కువో వాళ్ళకి.'

"కంప్యూటరుకి నొప్పి తెలియదు వదినా. ఇంకోలా చెప్పండి."

వదిన ఆలోచించి, ఆస్పత్రికెళ్ళేవాళ్ళు ముందు, తర్వాత ఉద్యోగానికెళ్ళేవాళ్ళు, తర్వాత మిగతావాళ్ళు అని రాసింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి, కింద చిన్నక్షరాలతో 'పాత స్నేహితుల్ని కలవడానికి వెళ్ళేవాళ్ళని చివర్న పెట్టకు, వాళ్ళకి అదే మందు' అని చేర్చింది. అమ్మాయి నవ్వి, దానికీ ఒక గడి పెట్టింది.

ఇంకా ఎన్నో బయటపడ్డాయి. ఫలానా ఆయన్నీ ఫలానా ఆయన్నీ పక్కపక్కన కూర్చోబెట్టకూడదు. ఒకాయనకు పాటలు కావాలి, ఇంకొకాయనకు నిద్ర కావాలి. ఒకావిడకు కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే కడుపులో తిప్పుతుంది. అమ్మాయి విసుక్కోకుండా అన్నీ ఎక్కించింది. నడుమ నడుమ వదిన చేత కీబోర్డు నొక్కించేది. మొదట్లో ఆవిడ ఒక్క వేలితో, కోడి గింజలేరుకున్నట్టు, అక్షరం వెతుక్కుని నొక్కేది. పోను పోను రెండో వేలూ కలిసొచ్చింది.

ఒక మంచి సోమవారం చూసి మొదలుపెట్టారు. జనం తమ ఫోన్లలోంచి బండి అడగొచ్చు. కంప్యూటరు దారి చూసి, వేళ చూసి, ఎవరిని ముందు ఎక్కించుకోవాలో తేల్చి డ్రైవరుకు పంపుతుంది. పొద్దున్నే బల్ల మీద తెర వెలిగింది. పచ్చ గడులు, పసుపు గడులు. వదినకు చూడముచ్చటేసింది.

మధ్యాహ్నానికి ఆ ముచ్చట కాస్తా ఆవిరైపోయింది. రెండో ఇంటి దగ్గరే బండి నిలబడిపోయింది. అది మాస్టారి ఇల్లు. పక్షవాతం వచ్చి తేరుకుంటున్న మనిషి, ఉండేది మేడ మీద. ఒక్కో మెట్టూ దిగాలి, మధ్యలో ఆగాలి, కింద వాటావాళ్ళ పిల్లిని పలకరించాలి, ఆ తర్వాతే వీధి గుమ్మం. ఆయన వచ్చి కూర్చునేసరికి తర్వాతి ఇంటి వేళ దాటిపోయింది. అక్కణ్ణుంచి ఒక్కో ఇంటికీ ఆలస్యం పెరుగుతూ, సాయంత్రానికి తెర మీద గడులన్నీ ఎర్రబడ్డాయి. ఒకావిడకు డాక్టరు దొరకనే లేదు.

డ్రైవరు ఇంటికొచ్చాడు. చెప్పులు విడిచి, చతికిలబడి, నీళ్ళు తాగాడు. అమ్మాయి మొహం పాలిపోయింది.

"తప్పు నాదే. ఇంటికీ బండికీ మధ్య ఎంతసేపు పడుతుందని నేను అడగనే లేదు. అందరూ గేటు దగ్గర సిద్ధంగా నిలబడతారనుకున్నా."

వదిన గట్టిగా తల అడ్డంగా ఊపి పలక అందుకుంది. 'నేను చెప్పలేదు. మాస్టారికి ఎప్పుడూ ముందే ఫోను చేసి, ఇక మెట్లు దిగండి అనేదాన్ని. అది పనని నాకే తెలీదు.'

డ్రైవరు ఉన్నట్టుండి, "సరే, రాసుకోండి" అని లేచాడు. ఒక్కో ఇల్లూ కళ్ళముందు తెచ్చుకుంటూ, గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరింటికి మెట్లున్నాయి, ఎవరింటి లిఫ్టు పెడసరం, ఎవరు తాళం వేశాక మళ్ళీ వెనక్కెళ్ళి లాగి చూస్తారు. ఆయన మరిచిపోయినవి వదిన రాసింది, ఇద్దరూ మరిచిపోయినవి అమ్మాయి అడిగింది. ప్రతి పేరు పక్కనా 'గుమ్మం వేళ' అని కొత్త గడి వచ్చింది. బండి చేరేముందు, ఆ గుమ్మానికి ఎంత కావాలో అంత ముందుగా, కంప్యూటరే కబురు పెడుతుంది: ఇక బయల్దేరండి.

అది కుదిరింది. బండి వేళకు తిరగసాగింది. కానీ ఇంకో చిక్కు మిగిలింది. సెల్‌ఫోను తెర మీద గడులు నొక్కడం కుర్రాళ్ళకు వచ్చుగానీ, వదిన మనుషుల్లో సగం మందికి కంటిచూపు అంతంతమాత్రం, వేళ్ళు వణుకు. వాళ్ళకు తెలిసిన బుకింగొకటే: ఫోను చేయడం, అవతల మనిషి పలకడం. అమ్మాయి దానికీ ఏర్పాటు చేసింది. ఫోను మోగితే కంప్యూటరే ఎత్తి, తయారుగా ఉన్న యంత్రపు గొంతుతో మాట్లాడుతుంది. ఆస్పత్రికైతే ఒకటి, ఇంకెక్కడికైనా అయితే రెండు.

అది విన్నవాళ్ళు విన్నట్టే పెట్టేశారు. దారిలో మాస్టారు కనబడితే డ్రైవరు అడిగాడు, ఫోను చేయడం మానేశారేమని.

"చేశానయ్యా! ఎవరో ఆడమనిషి, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. అప్పు కావాలా, ఇల్లు కావాలా అని అడిగేవాళ్ళ బాపతనుకుని కట్ చేశా."

ఇది విని అమ్మాయి తల పట్టుకుంది. "మనిషి గొంతు కావాలి వదినా. ముక్కలు ముక్కలుగా ఒకరి చేత చదివించుకుంటే, నేను అతికిస్తా."

డ్రైవరు ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "నమస్కారం" అని ఆయన చదివితే, ఎవరో దొంగను పట్టుకుని గదమాయించినట్టుంది. అమ్మాయి చదివింది, ఆమె గొంతు మరీ సన్నం, ఫోన్లో చెవులు రిక్కించినా అందదు. వదిన తన గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళు మాట్లాడిన మాటల్లో ఒక్కటైనా ఎక్కడైనా దాచిపెట్టుకుని ఉంటే బాగుండుననిపించింది. కానీ మాటల్ని దాచుకునేదెవరు?

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు స్టేషనమ్మ. పలక మీద ఆ పేరు రాసి డ్రైవరుకు చూపించింది. ఆయన తొడ చరిచాడు.

స్టేషనమ్మంటే రైలు స్టేషన్లో వచ్చే పోయే బళ్ళ సంగతి మైకులో చెప్పిన మనిషి. రెండు మోకాళ్ళూ అరిగిపోయి, ఇప్పుడు వాకరు పట్టుకుని నడుస్తుంది. వ్యానెక్కి "తలుపు వేసుకోండి" అందంటే, దారినపోయేవాళ్ళు కూడా తమ బళ్ళ తలుపులు చూసుకునేవాళ్ళు. అంత గొంతు.

ముగ్గురూ ఆవిడ ఇంటికి వెళ్ళారు. అమ్మాయి వచ్చిన పని చెప్పింది. స్టేషనమ్మ మొహం ముడుచుకుంది.

"నన్ను ఆ మైకు ముందునుంచి లేపింది ఏమిటో తెలుసా నీకు? కంప్యూటరే. ఒక పొద్దున వెళ్తే నా కుర్చీలో ఒక పెట్టె. రైలు వచ్చినా అదే గొంతు, రద్దయినా అదే గొంతు. నేనైతే, ఆలస్యమని చెప్పాల్సొస్తే నాదే తప్పన్నట్టు చెప్పేదాన్ని. పెట్టెకేం బాధ? నా నోటిదగ్గర అన్నం లాక్కున్నదానికి నా గొంతే పెట్టమంటావా?"

డ్రైవరు టోపీ చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు. వదిన పలక ఒళ్ళో పెట్టుకుని రాసి, లేచి వెళ్ళి ఆవిడ ముందు పట్టుకుంది.

'దానికి కాదు. నాకు.'

స్టేషనమ్మ చదివింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివింది.

"నీకంటే వేరే మాట," అంది. "ఎప్పుడు రమ్మంటావు?"

వదిన ఇంట్లో బట్టల గది ఖాళీ చేశారు. గోడలకు దుప్పట్లు వేలాడగట్టారు, బయటి చప్పుడు రాకుండా. స్టేషనమ్మను మధ్యలో కూర్చోబెట్టి, చదవాల్సినవి వేలెడంత అక్షరాలతో రాసి ముందు పెట్టారు. అంకెలు, వారాలు, వేళలు, వీధుల పేర్లు. ఆవిడ నీళ్ళు తాగి, నడుం నిటారుగా పెట్టి మొదలుపెట్టింది.

"ప్రయాణికులు దయచేసి గమనించగలరు…"

"అది లేదమ్మా అందులో," అంది అమ్మాయి.

"అయ్యో, నోటికి అదే వచ్చేస్తోంది. మళ్ళీ చదువుతా." గొంతు సవరించుకుంది. "మీ వ్యాను మరికొద్దిసేపట్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం…"

డ్రైవరు బయట వరండాలో పొట్ట పట్టుకుని నవ్వాడు. వదిన చప్పుడు కాకూడదని రెండు చేతులతో నోరు నొక్కుకుంది. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆపరేషనయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వయిపోయాక కూడా ఆ నీళ్ళు కాసేపు ఆగలేదు. అమ్మాయి చూసీ చూడనట్టు మైకు సర్దుకుంది.

అంతా చదివాక వదిన ఒక చిన్న కాగితం అందించింది. ఇదీ చదవాలని సైగ చేసింది. అందులో ఉన్నది: 'ఎలా ఉన్నారు?'

"దీన్నెక్కడ పెట్టను?" అడిగింది అమ్మాయి. "అలా అడిగి ఊరుకుంటే అవతలివాళ్ళు ఏదో ఒకటి చెప్తారు. అదంతా వినేదెవరు?"

వదిన తన చెవి పట్టుకుని చూపించింది. పలక మీద రాసింది: 'నోరేగా పోయింది.'

అలా కుదిరింది చివరికి. ఎవరైనా ఫోను చేస్తే ముందు స్టేషనమ్మ గొంతు పలుకుతుంది: "నమస్కారం. ఇది వ్యాను వదిన ఇల్లు. వదిన ఇక్కడే ఉంది. గొంతు బాగాలేక నేను మాట్లాడుతున్నాను. ఎలా ఉన్నారు?" ఆ తర్వాత కాసేపు నిశ్శబ్దం. అవతలివాళ్ళు చెప్పింది కంప్యూటరు దాచిపెడుతుంది. ఆ పైన బండి సంగతి.

మొదటిరోజు కొందరు తికమకపడ్డారు. కానీ ఆ గొంతు తెలియనిదెవరికి? ఎన్నో ప్రయాణాలు ఆ గొంతు విని చేసినవాళ్ళు. ఒకరికొకరు చెప్పుకున్నారు: పెట్టెయ్యకండి, మన స్టేషనమ్మే మాట్లాడేది, వదిన పక్కనే ఉందట, వింటుందట. వారం తిరిగేసరికి పాతవాళ్ళందరూ మళ్ళీ ఫోను చేయసాగారు. స్టేషనమ్మ వ్యానెక్కితే చాలు, "మీరు పొద్దున నాతో మాట్లాడారు" అని ఎవరో ఒకరు పలకరించడమే. "ఏమడిగాను?" అని ఎదురడిగేది ఆవిడ, మురిసిపోతూ.

పనంతా సద్దుమణిగాక, మధ్యాహ్నం పూట, వదిన ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ఆ జవాబులు వినేది. మొదట్లో 'బాగున్నాం', 'పర్వాలేదు' అని పొడి పొడి మాటలే. పోను పోను మాటలు పెరిగాయి. మోకాళ్ళ సంగతులు, కోడళ్ళ సంగతులు, పోయిన నిద్ర సంగతులు. ఒకనాడు మాస్టారి గొంతు వినబడింది.

"నేను బాగానే ఉన్నానమ్మా వదినా. నువ్వెలా ఉన్నావో అడిగే వీలు లేదుగా ఇందులో, అందుకే నేనే చెప్తున్నా. నోరు పడిపోయి నేనాస్పత్రిలో ఉన్నప్పుడు, నా మాట మా పిల్లలకే అర్థమయ్యేది కాదు. నువ్వు మాత్రం ఫోన్లో 'తొందరేం లేదు మాస్టారూ, నిదానంగా చెప్పండి' అని ఆగేదానివి. ఎంతసేపైనా ఆగేదానివి. ఇప్పుడు నీకోసం మేం ఆగుతాం. తొందరేం లేదు."

వదిన దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నది. తర్వాత రెండు వేళ్ళతో, ఓపిగ్గా, జవాబు కొట్టి పంపింది. ఆ సాయంత్రం డ్రైవరు ఇంటికొస్తే ఆయన చెవులకూ తగిలించి వినిపించింది. ఆయన వింటూ వింటూ గోడవైపు తిరిగిపోయాడు.

ఆ రోజునుంచి ఆవిడ ఒక్కొక్కరి జవాబూ వినడం, ఒక్కొక్కరికీ రాయడం పనిగా పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తను మాట్లాడుతుంటే వాళ్ళు వింటున్నారనుకునేది. వాళ్ళు తనకు చెప్పాలనుకున్నది ఇంత ఉందని ఇప్పుడే తెలిసింది. కష్టం వస్తే వచ్చింది గానీ, ఇంతమంది ప్రేమను ఇలా కూర్చోబెట్టి వినిపించిందే అనుకుంది.

చలికాలం పోయి ఎండలు ముదిరే వేళకు డాక్టరమ్మ మాట్లాడొచ్చంది. వచ్చిన గొంతు పాతది కాదు. ఎండుటాకుల మీద నడిచినట్టు గరగరలాడే చిన్న గొంతు. ఒక గదిలో వినబడుతుంది, పక్క గదికి అందదు. "చాలు," అన్నాడు డ్రైవరు. "నన్ను తిట్టడానికి అంతకంటే ఎందుకు?" ఫోన్లో మళ్ళీ నీ గొంతే పెట్టుకో అని స్టేషనమ్మ అంటే, వదిన ఒప్పుకోలేదు. ఇచ్చిన కానుక వెనక్కి తీసుకుంటారా ఎవరైనా అంది.

అమ్మాయి చేసిన పని సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. పక్క ఊళ్ళో ఇలాంటి వ్యాన్లే నడిపేవాళ్ళు తమకూ కావాలని కబురు పంపారు. అమ్మాయి ఒకసారి వెళ్ళి చూసి, వాళ్ళ మనుషులతో మాట్లాడి, అక్కడే కొన్నాళ్ళు ఉండి తయారుచేయాలి. కుర్చీ వచ్చాక ఊరు దాటడం ఆమెకిదే మొదటిసారి. బయల్దేరే రోజు సంచి ఒళ్ళో పెట్టుకుని వదిన దగ్గరికి వచ్చింది.

"నీకేం ఇవ్వగలనే నేను?" అంది వదిన ఆ గరగర గొంతుతో. "మా బండి నిలబెట్టావు. మా ఇల్లు నిలబెట్టావు. థాంక్స్ అంటే ఆ మాట సరిపోదు."

"మీకు గుర్తులేదు కదూ," అంది అమ్మాయి.

"ఏమిటి?"

"ప్రమాదం తర్వాత నేను గదిలోంచి బయటికి రావడం మానేశా. మా అమ్మ మీకు ఫోను చేసి నా చేతికిచ్చింది. ఎక్కడికైనా వెళ్తావా అన్నారు మీరు. ఎక్కడికీ లేదన్నా. 'అయితే ఎక్కడికీ వద్దులే, ఊరికే బండెక్కి ఒక చుట్టు తిరిగి రా' అన్నారు. మర్నాడు బండి వచ్చింది. అన్నయ్యగారు కూరగాయల బజారు మీదుగా, ఏటి వంతెన మీదుగా తిప్పి తీసుకొచ్చారు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రోజు నేను మళ్ళీ బతకొచ్చనుకున్నా వదినా."

వదిన గుర్తు చేసుకోబోయింది. అలా ఊరికే తిప్పమని పంపినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ఏ చుట్టు ఈ పిల్లదో ఆవిడకు నిజంగానే తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి సిగ్గుపడి, ఆ పిల్ల తల దగ్గరికి తీసుకుని నుదుటిన ముద్దుపెట్టుకుంది.

"ఎవరికెవరు బాకీయో దారిలో తేల్చుకోవచ్చుగానీ, ఎక్కు తల్లీ," అని డ్రైవరు వాలుబల్ల దింపాడు. అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది. బండి కదిలింది.

లోపల ఫోను మోగింది. వదిన అలవాటుగా అటు తిరిగి, ఆగిపోయింది. రెండో మోతకే స్టేషనమ్మ గొంతు ఎత్తుకుంది, ఎవరినో ఎలా ఉన్నారని అడుగుతోంది. ఇన్నేళ్ళలో, వ్యాను వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని చూసే తీరిక ఆవిడకు ఏనాడూ దొరకలేదు. ఏదో ఒక ఫోను లోపలికి లాక్కుపోయేది. ఇవాళ నిలబడి చూసింది. బండి ముందు నెమ్మదించింది, పక్కదీపం మిణుకుమిణుకుమంది, ఎండలో వెనకద్దం ఒక్కసారి తళుక్కుమని, మలుపు తిరిగిపోయింది. ఇంకాసేపు అక్కడే నిలబడి, అప్పుడు లోపలికెళ్ళి, చెవులకు తగిలించుకుని, ఆ ఫోను చేసినవాళ్ళు ఎలా ఉన్నారో వినడానికి కూర్చుంది.